ఊరొకరిది, పహరా ఒకరిది

2025 ఆగస్టు 23, శనివారం

"పాస్‌పోర్టు పెట్టుకున్నావా అమ్మా?"

ఆష్‌బర్న్ మెట్రో స్టేషన్ ముందు కారు ఆపి మా అమ్మాయి అడిగింది. అమెరికాకి రావడం నాకిది మూడోసారి. ఇదివరకు వాషింగ్టన్ చూడ్డానికి బయల్దేరితే బీపీ మాత్రలు, గొడుగు, నీళ్ల సీసా గురించి అడిగేది. ఈసారి పాస్‌పోర్టు, ఈ దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 కాగితం ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నా చేతిసంచి లోపలి జిప్పులో తనే దాచింది. ఎవరైనా ఆపితే కంగారు పడకుండా తీసి చూపించమని రెండుసార్లు చెప్పింది.

ఎందుకో నాకూ తెలుసు. ఆగస్టు 11న అధ్యక్షుడు ట్రంప్ వాషింగ్టన్‌లో నేరాలు మితిమీరిపోయాయంటూ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. నగర పోలీసు శాఖను తన అజమాయిషీలోకి తీసుకున్నాడు. వీధుల్లోకి నేషనల్ గార్డు సైనికులను, అంటే మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ పిలిచినప్పుడు వచ్చేవాళ్లను, దింపాడు. వాళ్లకి తోడు వెస్ట్ వర్జీనియా, సౌత్ కరొలైనా, ఒహాయో, మిసిసిపి, లూసియానా, టెనెసీ రాష్ట్రాల నుంచి రిపబ్లికన్ గవర్నర్లు తమ గార్డులను పంపారు. నేను బయల్దేరేసరికి మొత్తం లెక్క రెండు వేలు దాటింది.

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. మన రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా తీస్తే మొదటి అంశం శాంతిభద్రతలు, రెండోది పోలీసు. ఏటా జులైలో కొత్త పిల్లలకి ఆ రెండింటితోనే ఫెడరలిజం పాఠం మొదలుపెట్టేదాన్ని. పోలీసు ఎవరి మాట వింటాడో చూస్తే రాజ్యం ఎవరిదో తెలుస్తుందని చెప్పేదాన్ని. ఆ పాఠం ఈ ఊళ్లో వీధుల మీద నడుస్తుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఆరు రోజులు రోజూ వెళ్లి చూద్దామనుకున్నాను. ఆదివారం ఒక్కరోజు కుదరదు.

స్మిత్‌సోనియన్ స్టేషన్‌లో ఎస్కలేటర్ ఎక్కి పైకి రాగానే ఎదురుగా నలుగురు సైనికులు. మచ్చల యూనిఫాం, నడుముకి నీళ్ల సీసా. చేతుల్లో ఏమీ లేదు. నేషనల్ మాల్ పచ్చిక మీద జనం ఎప్పటిలాగే ఉన్నారు. పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు. ఒక కుటుంబం సైనికులతో ఫొటో దిగుతోంది. ఇంకొకామె వాళ్ల పక్కనుంచే తల తిప్పుకుని, అడుగు వేగం పెంచి వెళ్లిపోయింది.

వాషింగ్టన్ స్మారక స్తంభం దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. పక్కన నిలబడ్డ కుర్రాడికి ఇరవై రెండేళ్లు మించవు. వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చాడట. మామూలు రోజుల్లో ఒక గోదాములో పని చేస్తాడట. ఈ ఊరికి రావడం అతనికి ఇదే మొదటిసారి. మీరెక్కడినుంచి వచ్చారని నన్నడిగాడు. హైదరాబాద్ అన్నాను. "దూరం నుంచి వచ్చారు" అన్నాడు మర్యాదగా. అతనిలో కరుకుదనం ఏమీ కనపడలేదు. ఆ పూటంతా అక్కడ అతను చేసిన పని నిలబడటం ఒక్కటే.

ఆగస్టు 24, ఆదివారం

ఇవాళ ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం నాలుగు తెలుగు కుటుంబాలు భోజనానికి వచ్చాయి. పులిహోర, గుత్తివంకాయ అయ్యాక మాట దీని మీదికే మళ్లింది. సగం మంది మంచి పనే అన్నారు. వాళ్లలో మేరీలాండ్‌లో గ్యాస్ స్టేషన్ నడిపే గుంటూరాయన ఒకరు. అంతకు రెండేళ్ల ముందు ఒక రాత్రి కౌంటర్ దగ్గర తన కణతకి తుపాకీ ఆనించారట. డబ్బిచ్చేసి ప్రాణం దక్కించుకున్నాడు.

2023లో వాషింగ్టన్ నగరంలో 274 హత్యలు జరిగాయి. రెండు దశాబ్దాలకు పైగా అంత పెద్ద లెక్క లేదు. 2024లో అవి 187కి దిగాయి. ఫెడరల్ అటార్నీ కార్యాలయమే హింసాత్మక నేరాలు ముప్పై ఏళ్లలో కనిష్ఠ స్థాయికి వచ్చాయని ఈ జనవరిలో ప్రకటించింది. పోలీసులు లెక్కలు తగ్గించి రాస్తున్నారన్న ఆరోపణ మీద న్యాయశాఖ ఇప్పుడు విచారణ మొదలుపెట్టింది. ఇవన్నీ నేను చెబితే ఆయన శాంతంగా విన్నాడు. "మేడమ్, మీరు చెప్పిన లెక్క నిజమే అయ్యుండొచ్చు. రాత్రి పది దాటాక తలుపు చప్పుడైతే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది. ఆ చెమటకి లెక్కలు తెలియవు" అన్నాడు.

ఆయన భయాన్ని నేను తీసిపారేయలేను. షికాగోలో, ఇంకా చాలా ఊళ్లలో, రాత్రి పని చేసుకునే మన విద్యార్థుల మీద దాడులు జరిగాయి. కొందరి శవపేటికలు శంషాబాద్‌లో దిగాయి. 187 కూడా చిన్న సంఖ్య కాదు. ఏడు లక్షల జనాభా ఉన్న ఊళ్లో అన్ని హత్యలంటే లక్షకి ఇరవై ఆరుకు పైనే. నేరం తగ్గిందని చెప్పేవాళ్లు ఈ లెక్క కూడా పక్కనే చెప్పాలి.

మా అల్లుడు తక్కువ మాట్లాడే మనిషి. చేతులు కడుక్కుంటూ అన్నాడు: "అత్తయ్యా, పద్నాలుగో వీధిలో పోలీసులతో పాటు ఇమిగ్రేషన్ వాళ్లు కూడా కార్లు ఆపి చూస్తున్నారు. దొంగ కోసం వేసిన వలలో ముందు పడుతున్నది మోపెడ్ మీద భోజనం డెలివరీ చేసే కుర్రాళ్లు." ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అక్కడున్నవాళ్లలో ముగ్గురు హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, అవి జేబులో లేకుండా బయటికి వెళ్లడం ముగ్గురూ మానేశారు.

రాత్రి పడుకున్నాక 1990 డిసెంబర్ గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో అల్లర్లు, కర్ఫ్యూ. పాల కోసం రెండు గంటలు సడలింపు. మా గల్లీ చివర సీఆర్‌పీఎఫ్ జవాన్లు దిగినప్పుడు మా అమ్మ, పక్కింటి ఖాలా ఇద్దరూ ఒకే మాటన్నారు: హమ్మయ్య. వాళ్లు ఎవరి బంధువులూ కారు, ఎవరి పార్టీ వాళ్లూ కారు, అందుకే ఆ నమ్మకం. బయటి బలగం అనగానే నేను తప్పు పట్టలేకపోవడానికి కారణం ఆ రోజులు. అయితే వాళ్లని పిలిచింది మేం ఓటేసి గెలిపించిన రాష్ట్ర ప్రభుత్వం. ఇక్కడ మేయర్ వద్దంటుంటే వచ్చారు.

ఆగస్టు 25, సోమవారం

తుపాకులు వచ్చాయి.

యూనియన్ స్టేషన్ ముందు కొలంబస్ ఫౌంటెన్ దగ్గర నిలబడ్డ సైనికుల నడుములకి ఇవాళ పిస్తోళ్లు ఉన్నాయి. శనివారం మాల్‌లో లేవు. రక్షణ మంత్రి అనుమతి శుక్రవారం వచ్చిందని, ఆదివారం రాత్రి నుంచి కొన్ని దళాలు ఆయుధాలతో తిరుగుతున్నాయని వార్తల్లో చెప్పారు. తొడ మీద పట్టీతో బిగించిన నల్లటి తొడుగు, అందులోంచి బయటికి కనిపించే మట్టిరంగు పిడి. మొన్నటి కుర్రాళ్ల లాంటి కుర్రాళ్లే. కానీ వాళ్ల ముందునుంచి నడుస్తున్న జనం మొన్నటికంటే రెండడుగులు ఎడంగా నడిచారు. నేనూ అలాగే నడిచాను.

ఈరోజే ప్రభుత్వ బడులు తెరిచారు. కొత్త సంచులు తగిలించుకున్న పిల్లలు స్టేషన్‌లోంచి గుంపులుగా వస్తున్నారు. ఒక తండ్రి కొడుకు చేయి పట్టుకుని, సైనికుల వైపు తనుండి పిల్లాణ్ణి రెండో వైపుకి మార్చుకున్నాడు.

అక్కడినుంచి కాపిటల్ భవనం దాకా నడిచాను. దారిలో ఆగి ఉన్న కార్ల నంబరు పలకలు చదువుతూ వెళ్లాను. ఈ నగరం వాళ్ల పలకల మీద ఒక నినాదం ఉంటుంది. పన్ను కడతాం, మాకు ప్రాతినిధ్యం లేదని దాని సారాంశం. నిజమే. ఏడు లక్షల మంది ఉన్న ఈ ఊరికి సెనేట్‌లో ఒక్క సభ్యుడూ లేడు. ప్రతినిధుల సభలో ఎలనోర్ హోమ్స్ నార్టన్ అనే పెద్దావిడ ఉంది కానీ చట్టాల మీద తుది ఓటు వేసే హక్కు ఆమెకు లేదు. సొంత మేయర్‌ని, కౌన్సిల్‌ని ఎన్నుకునే హక్కు 1973 నాటి హోం రూల్ చట్టంతో వచ్చింది. ఎన్నికైన మేయర్ మొదటిసారి బాధ్యత తీసుకున్నది 1975 జనవరిలో.

ఆ చట్టంలోనే 740వ సెక్షన్ ఉంది. ప్రత్యేక అత్యవసర పరిస్థితి ఉందని అధ్యక్షుడు భావిస్తే ఫెడరల్ అవసరాల కోసం నగర పోలీసు సేవలు తనకి ఇవ్వమని మేయర్‌ని ఆదేశించవచ్చు. గరిష్ఠంగా 30 రోజులు. అంతకు మించితే కాంగ్రెస్ ఒప్పుకోవాలి. ఇన్నేళ్లలో ఏ అధ్యక్షుడూ దాన్ని వాడలేదు. ట్రంపే మొదటివాడు. ఆయన అటార్నీ జనరల్ ఒక అడుగు ముందుకేసి, మాదకద్రవ్యాల నిరోధక సంస్థ అధిపతిని నగరానికి అత్యవసర పోలీసు కమిషనర్‌గా నియమించింది. నగరం కోర్టుకెక్కింది. ఆ రోజు సాయంత్రానికే ఆదేశం సవరించి, నగర పోలీసు అధిపతి పమేలా స్మిత్‌ని యథాస్థానంలో ఉండనిచ్చారు. గార్డు సంగతి వేరు. మిగతా రాష్ట్రాల్లో గార్డు గవర్నర్ చేతిలో ఉంటుంది. వాషింగ్టన్‌కి గవర్నర్ లేడు కాబట్టి ఇక్కడి గార్డుకి అధ్యక్షుడే అధిపతి.

ఇది చదువుతుంటే నాకు మన సెక్షన్ 8 గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఉమ్మడి రాజధాని ప్రాంతంలో ఉండేవాళ్ల ప్రాణానికి, స్వేచ్ఛకి, ఆస్తికి రక్షణగా గవర్నర్‌కి ప్రత్యేక బాధ్యత ఇచ్చారు. శాంతిభద్రతలు కూడా అందులోకే వస్తాయి. పదేళ్ల గడువు. ఆ ఏడాది నా క్లాసులో కరీంనగర్ పిల్లలూ ఉన్నారు, గుంటూరు పిల్లలూ ఉన్నారు. మేం గెలిపించిన ప్రభుత్వం ఉండగా మా పోలీసు మీద గవర్నర్ ఎవరని వీళ్లు. మేం ఇక్కడ ఓట్లలో తక్కువ, మాకు ఎవరు రక్షణ అని వాళ్లు. 2015లో ఓటుకు నోటు కేసు వచ్చినప్పుడు సెక్షన్ 8 అమలు చేయాలని ఆంధ్ర వైపు నుంచి గట్టిగా అడిగారు. ఆ గొడవంతా కాగితాల మీద, టీవీల్లో సాగింది. హైదరాబాద్ పోలీసు మటుకు ఎన్నికైన ప్రభుత్వం కిందే పనిచేసింది. గడువు 2024 జూన్ 2న ముగిసింది. ఢిల్లీ వాళ్ల కథ ఇంకా వాషింగ్టన్‌కి దగ్గర. శాసనసభ ఉంది, ముఖ్యమంత్రి ఉంటారు, పోలీసు మాత్రం కేంద్ర హోం శాఖది. అక్కడ నేరం జరిగితే ముఖ్యమంత్రి కేంద్రాన్ని అంటాడు, కేంద్రం ముఖ్యమంత్రిని అంటుంది. బాధితురాలు ఎవరిని నిలదీయాలి?

ఇక్కడా ఆ చిక్కే ఉంది, ఇంకాస్త ముదిరి. ఈ నగరంలో పెద్దలు చేసే తీవ్ర నేరాల మీద కేసు నడిపేది నగరం కాదు, అధ్యక్షుడు నియమించే ఫెడరల్ అటార్నీ. స్థానిక కోర్టు జడ్జీలనూ ఆయనే నియమిస్తాడు. 2022లో నగర కౌన్సిల్ శిక్షాస్మృతిని సవరిస్తే, 2023 మార్చిలో కాంగ్రెస్ కొట్టేసింది. దాని మీద సంతకం పెట్టింది డెమొక్రాట్ బైడెన్. ఈ ఏడాది మార్చిలో, నగరం తన పన్నులతో వేసుకున్న బడ్జెట్‌లోంచి సుమారు వంద కోట్ల డాలర్ల ఖర్చుకి కాంగ్రెస్ అడ్డుకట్ట వేసింది. కేసు నడిపేవాడు, జడ్జి, చట్టం, డబ్బు అన్నింటి మీదా వాళ్ల చేయి ఉంది. నేరం జరిగినప్పుడు తప్పు మాత్రం మేయర్‌ది.

ఇంటికి వచ్చేసరికి ఇంకో వార్త. ఇలాంటి పనికి ప్రత్యేక గార్డు దళాలు తయారు చేయాలని ట్రంప్ ఇవాళ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. షికాగో పేరు మళ్లీ మళ్లీ తీస్తున్నాడు. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండే మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "అత్తా, నెక్స్ట్ మా దగ్గరికేనట" అన్నాడు.

ఆగస్టు 26, మంగళవారం

గ్రీన్ లైన్‌లో యూ స్ట్రీట్. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన రాత్రి ఇక్కడినుంచే మంటలు లేచాయి. యూ స్ట్రీట్, పద్నాలుగో వీధి, హెచ్ స్ట్రీట్ కాలాయి. 13 వేలకు పైగా ఫెడరల్ సైన్యం వచ్చింది. కాలిన చోట్ల కొన్ని స్థలాలు ఇరవై ముప్పై ఏళ్లు అలాగే పడి ఉన్నాయట. ఇప్పుడు అద్దాల మేడలు, ఖరీదైన కాఫీ కొట్లు.

అక్కడినుంచి మౌంట్ ప్లెజెంట్ దాకా బస్సులో వెళ్లాను. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే పేట. పగలు పదకొండు గంటలకి కూడా పండ్ల బండ్లు ఒకటీ అరా. కరెంటు స్తంభాలకి స్పానిష్‌లో కాగితాలు అంటించి ఉన్నాయి, ఇమిగ్రేషన్ వాళ్లు ఆపితే మీకున్న హక్కులివీ అని. ఒక బేకరీలో టీ తాగాను. కౌంటర్ వెనకావిడ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తలెత్తి చూసింది. మొన్న మా గుంటూరాయన చెప్పిన భయమే అది. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడటం. ఆయన్ని దొంగ భయపెట్టాడు, ఈవిడని పోలీసు భయపెడుతున్నాడు.

దొంగతనం జరిగినా ఈ పేటలో ఇప్పుడు ఎవరు ఫిర్యాదు చేస్తారు? సాక్ష్యం ఎవరు చెబుతారు? నేరం మీద పోరాటానికి పోలీసు దగ్గరున్న అసలు ఆయుధం వీధిలో జనం వచ్చి చెప్పే మాట. దాన్ని పోగొట్టుకుంటే రెండు వేల మంది వచ్చినా చీకట్లో వెతుకులాటే.

తిరిగి వస్తూ వైట్ హౌస్‌కి ఉత్తరాన పదహారో వీధిలో దిగాను. 2020 జూన్‌లో మేయర్ మ్యురియల్ బౌజర్ ఆ వీధి నిండా పెద్ద పసుపు అక్షరాలతో నల్లజాతి ప్రాణాలకూ విలువుందని రాయించింది, ట్రంప్ కిటికీకి ఎదురుగా. ఈ మార్చిలో ఆవిడే వాటిని తవ్వి తీయించింది. రిపబ్లికన్ సభ్యుడొకరు అవి తీయకపోతే నిధులు ఆపాలని బిల్లు పెట్టాడు. ఇప్పుడు అక్కడ తారు రోడ్డు, మామూలు గీతలు. ఆవిడ లొంగిపోయిందని చాలామంది తిడతారు. చేతిలో ఉన్న కొంచెం స్వపరిపాలనని కాపాడుకోవాలంటే ఎంత వదులుకోవాలో లెక్క వేసుకుంటూ బతకడం ఎలాంటిదో నాకు తెలుసు. ఆవిణ్ణి నేను తిట్టను.

ఆగస్టు 27, బుధవారం

ఇవాళ ఏరు దాటాను. అనకోస్టియా నది నగరాన్ని రెండుగా చీల్చుతుంది. అవతల ఏడు, ఎనిమిది వార్డులు. జనంలో అత్యధికులు నల్లజాతివాళ్లు. నగరంలో హత్యల్లో ఎక్కువ భాగం అక్కడే.

అమ్మాయి వద్దంది. పగటిపూటే వెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని ఒప్పించాను. లెన్ఫాంట్ ప్లాజాలో గ్రీన్ లైన్‌కి మారి అనకోస్టియాలో దిగాను. మార్టిన్ లూథర్ కింగ్ అవెన్యూలో ఒక మూల ఇరవై అడుగుల ఎత్తు కుర్చీ ఉంది. 1959లో ఒక ఫర్నిచర్ దుకాణం ప్రచారం కోసం పెట్టిందట. దుకాణం పోయింది. కుర్చీ పేట గుర్తుగా మిగిలింది. చెక్క పుచ్చిపోతే 2006లో అల్యూమినియంతో మళ్లీ చేసి నిలబెట్టారు. దాని నీడలో ముగ్గురు ముసలివాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు తల ఊపి పలకరించారు. అక్కడున్న మూడు గంటల్లో నా కంట ఒక్క సైనికుడూ పడలేదు.

బస్ స్టాపులో ఒకావిడ పక్కన కూర్చున్నాను. నా వయసే ఉంటుంది. చేతిలో మనవరాలి స్కూలు కాగితాలు. నేను ఎక్కణ్ణుంచి వచ్చానో, ఎందుకు వచ్చానో చెప్పాను. మొదట నవ్వి ఊరుకుంది. తర్వాత బస్సు రావడం ఆలస్యమైనకొద్దీ మాట్లాడింది.

ఆమె అక్క కొడుకు ఆరేళ్ల కింద తుపాకీ గుండుకి పోయాడు. అప్పట్లో నదికి ఇవతల అలాంటి గాయాలకి వైద్యం చేసే ట్రామా కేంద్రం లేదు. అంబులెన్సు వంతెన దాటాలి. "వంతెన మీద ఉండగానే" అని ఆగిపోయింది. కొత్త ఆసుపత్రి ఈ ఏప్రిల్‌లో తెరిచారు, సెయింట్ ఎలిజబెత్స్ ఆవరణలో, 136 పడకలతో. "చూడు, అలాంటిది ఒకటి కట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో. సైన్యం రావడానికి నాలుగు రోజులు చాలింది."

సైన్యం ఇక్కడికి రాలేదు కదా అన్నాను.

"సైన్యం రాలేదు. ఫెడరల్ వాళ్లు వచ్చారు, రాత్రిపూట, నల్లద్దాల కార్లలో." పోయిన వారం వాళ్ల వీధిలో మెట్ల మీద కూర్చున్న ఆరుగురు కుర్రాళ్లని లేపి తనిఖీ చేశారట. ఒకడి దగ్గర తుపాకీ దొరికింది. "ఆ తుపాకీ పోయినందుకు నాకు సంతోషమే. అది రేపు ఎవరినో చంపేది. మిగతా ఐదుగురిని చేతులు వెనక్కి కట్టి గంటసేపు రోడ్డు మీద ఎందుకు కూర్చోబెట్టారు? వాళ్లు ఎవరని అడుగుదామంటే ముఖానికి గుడ్డ, చొక్కా మీద పేరు లేదు."

పోలీసు కావాలా వద్దా అని నేరుగా అడిగాను. కావాలి, ఇప్పుడున్నవాళ్ల కంటే ఎక్కువ మంది కావాలి అంది. ఆ మాట మీద ఆమెకి ఏ సందేహం లేదు. నగర పోలీసు బలం సుమారు 3,200కి పడిపోయింది, దశాబ్దాలుగా ఇంత తక్కువ లేదు. తన మనవరాలి పేరు తెలిసిన పోలీసు కావాలంది. పేటలో తగాదా ముదరకముందే కుర్రాళ్లతో కూర్చుని మాట్లాడే మనుషులు కావాలంది. నాకు ఏప్రిల్‌లో చదివిన వార్త గుర్తొచ్చింది. దేశవ్యాప్తంగా అలాంటి పనులు చేసే సంస్థల గ్రాంట్లను న్యాయశాఖ కోట్ల డాలర్ల మేర ఒక్కసారిగా రద్దు చేసింది. ఒక చేత్తో ఆ మనుషుల జీతాలు ఆపి, రెండో చేత్తో సైనికులను పంపించారు.

"మా మేయర్ నచ్చకపోతే వచ్చే ఏడాది ఓటు వేయను. ఈయనకి ఎలాగూ వేయలేదు. ఈ ఊళ్లో పదిమందిలో తొమ్మిది మంది వేయలేదు. అయినా పోలీసు ఇప్పుడు ఈయనది." బస్సు వచ్చింది. కాగితాలు సర్దుకుని లేచింది. నీ కూతురు దగ్గరికి జాగ్రత్తగా వెళ్లు అని చెప్పి ఎక్కింది.

కొండ మీద ఫ్రెడరిక్ డగ్లస్ ఇల్లుంది, సీడర్ హిల్. బానిసగా పుట్టి, తప్పించుకుని, తన మాటతో దేశాన్ని కదిలించినవాడు. మెట్లెక్కి వెళితే వరండాలోంచి నదికి అటువైపు కాపిటల్ గుమ్మటం తెల్లగా కనిపిస్తుంది. ఆయన ఈ ఇల్లు కొన్నది 1877లో. ఆ ఏడాదే ఆయన్ని వాషింగ్టన్‌కి ఫెడరల్ మార్షల్‌గా నియమించారు. అంటే ఈ ఊళ్లో ఫెడరల్ పోలీసు అధికారం ఒకప్పుడు ఈ మనిషి చేతిలో ఉంది. ఆ ఏడాదే దక్షిణాది నుంచి, విముక్తులైన బానిసల ఓటుకి కాపలాగా ఉన్న సైన్యాన్ని వెనక్కి రప్పించారు. మరుసటి ఏడు, 1878లో, దేశంలో చట్టం అమలుకి సైన్యాన్ని వాడకూడదని పోసీ కామిటాటస్ చట్టం వచ్చింది. ఇవాళ ట్రంప్‌ని ఎదిరించేవాళ్లు పట్టుకున్న ఆయుధం ఆ చట్టమే. పుట్టినప్పుడు అది నల్లవాళ్లని వాళ్ల మానాన వదిలేసిన చట్టం. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు బడికి వెళ్లడానికి ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. గవర్నర్ వద్దన్నాడు. సైన్యం వచ్చింది. అది న్యాయం.

ఆ వరండాలో చాలాసేపు కూర్చున్నాను. లిటిల్ రాక్‌కీ దీనికీ తేడా ఏమిటని నా విద్యార్థి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అక్కడ ఆ పిల్లల హక్కుని స్థానిక అధికారం కాలరాసింది, కోర్టు తీర్పు ఇచ్చింది, ఆ తీర్పు వెనక సైన్యం నడిచింది. ఇక్కడ బస్ స్టాపులో ఆవిడ ఏ హక్కుని కాపాడటానికి సైన్యం వచ్చింది? ఆవిడ వీధికి అది రాలేదు. వచ్చినవాళ్లు పేరు చెప్పలేదు. ఆవిడకున్న ఒక్క ఓటునీ పక్కన పెట్టారు. బయటివాళ్లు అన్నది నాకు సమస్య కాదు. 1990లో మా గల్లీ చివర నిలబడ్డవాళ్లూ బయటివాళ్లే.

సాయంత్రం టీవీలో మేయర్ బౌజర్ మాట్లాడింది. ఫెడరల్ అధికారులు వచ్చిన ఇరవై రోజుల్లో, కార్లు ఆపి లాక్కోవడం నిరుటి ఇవే రోజులతో పోలిస్తే 87 శాతం తగ్గిందని చెప్పింది. అదనపు అధికారులు పనికొచ్చారంది. ముసుగులు వేసుకున్న ఇమిగ్రేషన్ ఏజెంట్లు, వేరే రాష్ట్రాల గార్డు మాత్రం పనికిరాలేదంది. జనానికీ పోలీసుకీ మధ్య నమ్మకం చెడిందని కూడా ఒప్పుకుంది. నేను ఆ అంకెని నమ్ముతాను. వీధిలో పోలీసు కనిపిస్తే కారు దొంగ వెనక్కి తగ్గుతాడు. గుంటూరాయనకి ఫోన్ చేసి చెప్పాను కూడా. "చూశారా" అన్నాడు. చూశానన్నాను. బస్ స్టాపు ఆవిడ సంగతి కూడా చెప్పాను. ఆయన ఈసారి వాదించలేదు. ఆ ఐదుగురు కుర్రాళ్ల వయసెంత అని అడిగాడు.

ఆగస్టు 28, గురువారం

టైడల్ బేసిన్ చుట్టూ చెర్రీ చెట్లు. వసంతంలో పూలకి జనం విరగబడే చోటు. ఇప్పుడు ఆకులే. గార్డు సైనికులు చెట్ల మొదళ్ల చుట్టూ చెక్కపొట్టు పరుస్తున్నారు. ఈ వారం ఇదీ వాళ్ల పనేనట, చెత్త ఏరడంతో పాటు. ఒక కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో పొట్టుని చెట్టు కాండానికి కాస్త ఎడంగా జరుపుతున్నాడు. తోటపని తెలిసిన చేయి. కాండానికి ఆనుకుంటే కుళ్లుతుందని మా నాన్న మామిడి మొక్కల దగ్గర చెప్పేవాడు. మంచి పనే. కానీ ఒక్కొక్కరి ఉద్యోగం, ఇల్లు, పిల్లలు వదిలి వందల మైళ్లు వచ్చిన సైనికులతో చేయించాల్సిన పని ఇదా అని మనసు చివుక్కుమంది.

ఇవాళ ఆగస్టు 28. 1963లో ఇదే రోజు రెండున్నర లక్షల మంది ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం ఈ ఊళ్లో ప్రదర్శనగా నడిచారు. అంతమంది నల్లవాళ్లు ఒక్కచోట చేరితే హింస తప్పదని ప్రభుత్వం భయపడింది. వేల మంది సైనికులను సిద్ధంగా ఉంచింది. ఊళ్లో మద్యం అమ్మకం ఆపించింది. సాయంత్రానికి జనం పాటలు పాడుకుంటూ బస్సులెక్కి వెళ్లిపోయారు.

లింకన్ స్మారక భవనం మెట్లలో, కింగ్ నిలబడి మాట్లాడిన చోట, రాతి మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. ఎవరో అక్కడ తెల్ల పూలు పెట్టి వెళ్లారు. నేను పక్క మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాను. కాసేపటికి గార్డు దళంలోని ఒక నల్లజాతి అమ్మాయి వచ్చి ఆ రాయి ముందు నిలబడింది. టోపీ తీసి చంకలో పెట్టుకుంది. వంగి, చెక్కిన అక్షరాల్లో వేలు పెట్టి నెమ్మదిగా గీసింది. మిసిసిపి నుంచి వచ్చిందట. వాళ్ల నాయనమ్మకి పంపాలి, ఒక ఫొటో తీస్తారా అని నన్నడిగింది.

ఫోన్ తీసుకుని రెండు మెట్లు దిగి తీశాను. ఆమె చూసుకుంది. రెండు వేళ్లతో బొమ్మని పెద్దది చేసి మళ్లీ చూసింది. ఇంకొకటి తీయమని అడిగింది. ఈసారి వెనక్కి వెళ్లి, పిస్తోలు ఉన్న వైపు కనపడకుండా పక్కకి తిరిగి నిలబడింది.